కాలవ అవతలి బడి

సముద్రంలో వేసిన అలివి వలని ఒడ్డుకి లాగేటప్పుడు తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటుంది. ముసలోళ్లు గానీ, ఆడోళ్లు గానీ, ఐదేళ్ల పిల్లకాయ గానీ, తాడు పట్టుకోని ఇసకలో మడమలు తన్ని వెనక్కి నడిస్తే చాలు, చేపలు కుప్పలు పోసేటప్పుడు వాళ్ల కుప్ప వాళ్లకి పడాల్సిందే. గంగదిబ్బ పాలెంలో అది తాతలనాటి కట్టుబాటు. పెద్ద కుప్పలు వలకీ పడవకీ పోతాయి. పిల్లకాయలకి పడేది గుప్పెడు కవళ్ల చేపలే. ఆ గుప్పెడే ఆ పూట ఇంట్లో కూర. అందుకని మాఘమాసంలో కవళ్లు గుంపు కట్టి ఒడ్డుకొచ్చే రోజుల్లో, పొద్దున పూట ఆ పాలెంలో ఏ గుడిసె ముందరా పిల్లకాయ కనబడడు. బడిలో అసలే కనబడడు.

బడి పంతులమ్మ జయశీలకి ఈ సంగతి బాగా తెలుసు. నెల్లూరు నుంచి వచ్చిన మనిషి. మొదట్లో ఖాళీ చాపలు చూసి ఏడ్చింది. తర్వాత సముద్రం వంక చూసి గంట కొట్టడం నేర్చుకుంది. వల ఒడ్డుకెక్కి, కుప్పలు పంచుకోని, పిల్లకాయలు కాళ్లూ చేతులూ కడుక్కోని వచ్చినాక గంట. అప్పుడు మొదలుపెడితే పొద్దు వాలిందాకా చెప్పేది. మూడో తరగతి దాకానే అయినా, ఆ తాటాకు కొట్టంలో చదివిన పిల్లకాయలు బస్సు మీద పేరు చదివి ఎక్కుతారు. అది పాలేనికి ఎంత గొప్పో బయటోళ్లకి తెలీదు.

పంచాయతీ సమితి కాయితాల్లో మాత్రం బడి పదిగంటలకి.

ఆ పొద్దు పదిగంటలకే ఓబులేసు గారు కాలవ దాటి వచ్చినాడు. సమితికి చదువుల ఆఫీసరాయన. చుట్టుపక్కల బడులన్నీ ఆయన చేతి కిందవే. సైకిలు పడవలో పెట్టించుకోని ఇవతల దిగి, ఇసకలో తోయలేక తోయలేక తోసుకుంటా వచ్చేసరికి కొట్టంలో జయశీల ఒక్కతే ఉండాది, నల్లబల్ల మీద కూడికలు రాసుకుంటా.

తాడు కొసన ఉన్న పేరమ్మ ఆయన్ని చూసింది. పేరమ్మ రోజూ కాలవ దాటి తూములదిన్నెలో చేపలమ్ముకొచ్చే మనిషి. ఆఫీసర్ల నడక దూరం నుంచే తెలుస్తుంది ఆమెకి. తాడు వదిలేసి, తడి చీర కుచ్చెళ్లు పిండుకుంటా పరిగెత్తింది. తాడు వదిలితే వాటా పోతుంది. పోతే పోయిందనుకుంది.

"పిల్లకాయలు లేరేంది?" అన్నాడు ఓబులేసు గారు.

"ఉండారు సామీ. అదిగో." పేరమ్మ ఒడ్డు వంక చెయ్యి చూపించింది. రెండు వరసల్లో, పెద్దోళ్ల మధ్య చిన్న చిన్న తలకాయలు వెనక్కీ వెనక్కీ నడుస్తా ఉండాయి. "ఇంకొంచేపు ఓర్చుకోండి. వల ఎక్కబోతా ఉండాది. నా మనమరాలు మాలకొండమ్మ, అదే మా కొండమ్మ, కూడా ఆడే ఉండాది. వచ్చి పద్యం చెబుతుంది మీకు."

ఓబులేసు గారు చెడ్డోడు కాదు. చెప్పులిప్పి ఇసక దులుపుకున్నాడు. "నేను నమ్ముతానమ్మా. నేను నమ్మితే ఏం లాభం? సర్కారు గ్రాంటు రెండో విడత ఇంతవరకూ రాలేదు. వచ్చే ఏటికి ఎంతిస్తారో, ఇస్తారో ఇయ్యరో పైవాళ్లకే తెలీదు. శుక్రవారం సమితిలో బడ్జెట్ మీటింగు. గ్రాంటు వస్తే ఇట్టా, రాకపోతే అట్టా అని రెండు బడ్జెట్లు రాసుకోని కూచోనుండాం. రాకపోతే అనే దాంట్లో ఏదో ఒక బడి తీసెయ్యాల. ఖాళీ బడి అంటే ముందు దాని మీదే చెయ్యి పడుతుంది."

"మరి ఏం చెయ్యమంటారు సార్?" అంది జయశీల.

"బుధవారం మళ్లా వస్తా. పదిగంటలకి. పిల్లకాయలు నా కళ్లకి కనబడాల."

ఆ సాయంత్రం పాలెం పెద్ద మాల్యాద్రి దురాయి పెట్టినాడు. దురాయి అంటే పాలెంలో మాటకి మాట లేదు. అది పడినాక ఎవరు మీరినా కులంలోంచి వెలి. బుధవారం వల సముద్రంలో పడకూడదు. పిల్లకాయలందరూ తలకి నూనె రాసుకోని, ఉతికిన గుడ్డ కట్టుకోని, పది గంటలకల్లా బడిలో కూచోవాల.

"కవళ్ల గుంపు ఉండాది గదా మాల్యాద్రన్నా" అని ఎవరో నసిగినారు.

"గుంపు రేపు కూడా వస్తుంది. బడి పోతే వస్తుందా?"

అంతటితో ఊరుకోనుంటే ఎట్టా ఉండేదో. పాలెం మర్యాద అంతటితో ఊరుకోదు. ఆఫీసరు మన ఇంటికొస్తా ఉన్నాడు, నిండుగా కనబడాల అని, ఉత్తరపు పాలేనికి కబురు పెట్టినారు. అది వీళ్ల అత్తగార్లూ వియ్యంకులూ ఉండే పాలెం. ఆడ బడే లేదు. "మీ పిల్లకాయల్ని కూడా పంపించండి. ఈ ఒక్క రోజుకే కాదు, ఇంక మా బడికే రానీండి" అన్నాడు మాల్యాద్రి. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు.

బుధవారం పొద్దున కొట్టం పట్టలేదు. గుమ్మం దాటి బయట ఇసకలో దాకా కూచున్నారు పిల్లకాయలు. నూనె తలకాయలు ఎండకి మెరుస్తా ఉండాయి. జయశీల కొత్త పిల్లకాయల పేర్లడిగి రాసుకుంటా రాసుకుంటా ఒక దగ్గర ఆగింది.

"ఇంతమందిని రాసుకోవచ్చా మాల్యాద్రన్నా? ఒకసారి రాస్తే రోజూ రావాల."

"వస్తారు తల్లీ. రాసుకో. పేరు రాయించినాక రాకుండా ఎట్ట ఉంటారు?"

సముద్రం మీద పిట్టలు గుంపుగా దూకుతా ఉండాయి. కవళ్లు ఒడ్డుకి అంత దగ్గరగా వచ్చి ఎన్నేళ్లయిందో. మగోళ్లు పడవల నీడన కూచోని, అటు చూడకుండా బీడీలు తాగినారు. పేరమ్మ కూడా అటు చూడలేదు. కొండమ్మ జడ విప్పి మళ్లీ అల్లింది. చూసేదానికి ఇంకేమీ లేనట్టు ఆ జడే చూస్తా కూచుంది.

ఓబులేసు గారు వచ్చినాడు. వరసలు లెక్క పెట్టుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. కొండమ్మ లేచి పద్యం చెప్పింది. ఆయన మొహం మొదట విప్పారింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముడుచుకుంది.  మాల్యాద్రి కొట్టించి ఇచ్చిన కొబ్బరి బోండాం తాగి, సైకిలు తోసుకుంటా పోయినాడు.

శుక్రవారం మాల్యాద్రి, పేరమ్మ ఇద్దరూ సమితి ఆఫీసుకి పోయినారు. మాల్యాద్రికి సముద్రం మీద గాలి తెలుసు గానీ కుర్చీల్లో కూచున్నోళ్ల దగ్గర నోరు పెగలదు. అందుకని పేరమ్మని తోడు తీసుకోని పోయినాడు. వరండాలో కిటికీ కింద కూచున్నారు. లోపల ఫ్యాను తిరుగుతా ఉండాది. బజ్జీల వాసన వస్తా ఉండాది.

చాలాసేపు రోడ్లు, బావులు, ఎరువులు నడిచినాయి. గ్రాంటు మాట వచ్చినప్పుడల్లా అందరూ ఒక్కసారిగా మాట్లాడినారు. ఒకాయన వస్తుందన్నాడు, ఒకాయన హైదరాబాదులో తనకి తెలిసినాయన రాదని చెప్పినాడన్నాడు. ఆఖరికి గంగదిబ్బ వచ్చింది.

"మొదటిసారి పోతే ఒక్క పిల్లకాయ లేడని చెబితిరి. రెండోసారి పోతే కొట్టం పట్టలేదంటున్నారు. ఏది నిజం ఓబులేసూ?" సమితి అధ్యక్షుడి గొంతు.

"రెండూ నిజమే సార్."

"అయితే బడి ఉంచాల్సిందే గదా" అన్నారెవరో.

అప్పుడు తూములదిన్నె సర్పంచి చెంచురామయ్య గారు గొంతు సవరించుకున్నాడు. పేరమ్మ రోజూ చేపలు పోసేది ఆయన ఇంట్లోనే.

"నలభై మంది దాటితే ఇంకో టీచర్ని వెయ్యాలని రూలుండాది. ఆ జీతం ఎవరిస్తారు? గ్రాంటు మొహం చూడకముందే కొత్త పోస్టు రాస్తే రేపు ఆడిటోడు మనల్ని నిలబెట్టి అడుగుతాడు. మా ఊరి బడి పెంకుటిల్లు, చోటుండాది. ఈ పిల్లల్ని మా బడి లెక్కలో కలిపెయ్యండి. సంఖ్య పెరిగితే మాకు ఆరో తరగతికి పర్మిషన్ వస్తుంది. ఆ పంతులమ్మని కూడా మా దగ్గరికే పంపించండి. సమితికి పైసా ఖర్చు లేదు."

ఎంత బాగా చెప్పినాడో అని లోపల అందరూ తలలూపినారు. ఓబులేసు గారు ఒక్కడే తల ఎత్తలేదు.

పేరమ్మ లేచి గుమ్మంలో నిలబడింది. మాల్యాద్రి కొంగు పట్టి లాగినా ఆగలేదు.

"అయ్యా, నాకొక ముక్క తెలీక అడుగుతుండా. పిల్లకాయలు లేకపోతే బడి తీసేస్తామంటిరి. ఉంటే కూడా తీసేస్తామంటున్నారు. ఎంతమంది ఉంటే ఉంచుతారో ముందే చెప్పుంటే, మేము చూసుకోని అంతమందినే కనుందుము గదా."

లోపల అందరూ నవ్వినారు. చెంచురామయ్య గారు కూడా నవ్వినాడు.  మాట అర్థమైనోళ్లు నవ్వరాదు, అర్థం కానోళ్లు నవ్వరు. వీళ్లు అర్థమయ్యే నవ్వినారు.

"గ్రాంటు వస్తే మళ్లా చూద్దాంలే అవ్వా" అన్నాడు అధ్యక్షుడు. "ఇప్పటికి మీ పిల్లకాయలు తూములదిన్నెకే పోవాల. సోమవారం నుంచి."

 తిరిగొచ్చే దోవలో సరుగుడు తోపు దాటినాక మాల్యాద్రి అన్నాడు. "సర్కారు దురాయి పెట్టేసింది పేరమ్మక్కా."

"అది దురాయి ఎట్టయితాది? దురాయంటే పెట్టినోడికీ వర్తించాల. వాళ్లకేం వర్తించింది దీంట్లో?"

"ఏమైనా గానీ. పేర్లు రాయించినాం. రాయించిన ప్రతి పేరుకీ మనిషి పోవాల. ఒక్కడు ఎగ్గొట్టినా మాట పోతుంది."

పేరమ్మ ఆయన మొహం చూసింది. ఎగతాళి లేదు, పగ లేదు. నిజంగానే అంటున్నాడు. ఆమెకి మాత్రం, తూములదిన్నె ఇళ్ల వెనక గుమ్మాలన్నీ ఒకటొకటిగా కళ్ల ముందర కదిలినాయి. ఏ ఇంట్లో బుట్ట ఎంత దూరంలో దించమంటారో, ఏ ఇంట్లో డబ్బులు చేతికియ్యకుండా గట్టు మీద పెడతారో ఆమెకి తెలుసు. ఆ ఊరికి పిల్లకాయల పేర్లు కావాలి. పిల్లకాయలు కావాలని ఎవరన్నారు?

సోమవారం వల మామూలు కంటే ముందే పడింది. అయినా ఎక్కేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. ఇంటికి పోయి కాళ్లు కడుక్కోని వస్తే పడవ దాటేసరికి బడి మొదలైపోతుంది. గుడిసెలు ఒక దిక్కు, రేవు ఇంకో దిక్కు. అందుకని పిల్లకాయలు తాడు వదిలి, తమ కుప్పలోని కవళ్లు తాటాకు దొన్నెల్లో కట్టుకోని, అట్నే కాలవ రేవుకి పోయినారు. వాటా వదిలిపెట్టి ఎట్ట పోతారు? ఇంట్లో కూర అదే గదా. గంగదిబ్బ పిల్లకాయలు, ఉత్తరపు పాలెం పిల్లకాయలు, రాసిన ప్రతి పేరూ. పడవవాడు ఎన్ని తడవలు తిరిగినాడో వాడికే తెలియాలి.

తూములదిన్నె బడిలో హెడ్మాస్టరు గేటు దగ్గర నిలబడి చూస్తానే ఉన్నాడు, ఇంకా వస్తానే ఉన్నారు. జుట్టులో పొలుసులు, ఒంటి మీద ఎండిన ఉప్పు. వరండా అంతా నిండింది. దొన్నెలన్నీ దూలానికి వరసగా వేలాడదీసినారు. కాసేపట్లో ఊళ్లో కాకులన్నీ బడి మీదికొచ్చినాయి. పిల్లులొచ్చినాయి. ఒక కుక్క వరండా మెట్టెక్కి, ఎక్కాలు చెప్పించుకుంటున్న పిల్లకాయల మధ్య కూచుంది. జయశీల దాన్ని తరమాలో, ఎక్కాలు చెప్పాలో తెలీక రెండూ చేసింది.

మూడో రోజుకి లోపలి గదుల్లో ఊరి పిల్లలు సగమైనారు.

ఆ పొద్దు పేరమ్మ చెంచురామయ్య గారి పెరటి గుమ్మం దగ్గర బుట్ట దించింది. ఆయన భార్య ఆదిశేషమ్మ గుమ్మంలో నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రోజూ పెట్టుకోదు.

"ఏమే పేరమ్మా, నీకు తెలియంది కాదు, మీ పిల్లల్ని కాస్త నీళ్లు పోసి పంపించకూడదా? మా పిల్లోడు బడి నుంచి వచ్చి అన్నం ముట్టడం లేదు. ఒకటే కంపంట."

"నీళ్లు పోసుకుంటే పదిగంటలు దాటిపోతుందమ్మగారూ. పదిగంటలకి కనబడాలని మీ వాళ్లే చెప్పినారు."

"అయితే ఆ చేపలెందుకు బడికి?"

"మీరు అయ్యగారి పొలంలో కోతకొచ్చిన కూలోళ్లకి వడ్లు కొలిస్తే, ఆడనే వదిలేసి పోతారామ్మా?"

 ఆదిశేషమ్మ బుట్టలోకి తొంగి చూసింది. "కవళ్లు తాజాగా ఉన్నట్టుండాయే."

"ఇప్పుడే ఎక్కినాయి."

"సరే, ఒక వాటా పొయ్యి. పులుసు పెడతా. పిల్లోడికి ఇష్టం."

పేరమ్మ చేటలో కవళ్లు పోసింది.  బుట్ట నెత్తిన పెట్టుకోని వీధిలోకొచ్చింది.

సాయంత్రం కొండమ్మ చెప్పింది. బడిలో నీళ్ల కుండ ఉంటుంది గదా, ఉత్తరపు పాలెం పిల్లకాయ ఒకడు గ్లాసు ముంచి తాగినాడంట. హెడ్మాస్టరు అరవలేదు, కొట్టలేదు. కుండలో నీళ్లు బయట పారబోయించి, దాన్ని గోడకేసి పగలగొట్టించినాడంట. కొత్త కుండ లోపలి గదిలో పెట్టి గది తలుపు మూసినాడంట.

"మరి మీరు నీళ్లెట్టా తాగినారు పాపా?"

"జయశీల టీచరు ఊళ్లో ఎవర్నో అడిగి బిందె తెచ్చింది. బిందె పోయి తెస్తా ఉంటే ఎక్కాలు ఆగిపోయినాయి అవ్వా."

 పేరమ్మ కొండమ్మ తల ఒళ్లో పెట్టుకోని, జుట్టులో పొలుసులు ఒక్కోటి గోటితో తీసింది. తీసిన పొలుసు ప్రతిదీ చూసుకోని చూసుకోని ఇసకలోకి విదిలించింది.

మరుసటి రోజు తూములదిన్నె ఊరోళ్లు సమితికి బండ్లు కట్టుకోని పోయినారని పడవవాడు చెప్పినాడు. ఇంకో రెండు రోజులు గడిచినాయి. పిల్లకాయలు మాత్రం ఒక్క పూట ఎగ్గొట్టలేదు. మాల్యాద్రి రేవులో నిలబడి ఒక్కొక్కర్నీ చూసి పడవెక్కించినాడు.

ఆ పైన ఓబులేసు గారు గంగదిబ్బకి వచ్చినాడు. ఈసారి ఆర్డరు తెచ్చినాడు. జయశీల కొట్టం ముందర నిలబడి చదివింది. గంగదిబ్బ బడి యథాతథంగా నడవాల. పిల్లల సంఖ్యని బట్టి రెండో టీచర్ని కూడా వేసినారు. జయశీల చదువుతా చదువుతా కళ్లు తుడుచుకుంది. మాల్యాద్రి నవ్వినాడు. మగోళ్లు సంతోషంగా గోల చేసినారు. ఎవరో పరిగెత్తి పెద్ద వంజరం తెచ్చి ఓబులేసు గారి సైకిలుకి కట్టబోయినారు.

"గ్రాంటు వచ్చిందా సామీ?" పేరమ్మ అడిగింది.

"రాలేదమ్మా."

"మరి ఇద్దరి జీతాలు యాడ్నుంచి వస్తాయి?"

ఓబులేసు గారు సైకిలు హ్యాండిలు మీద ఇసక తుడిచినాడు. "సమితి ఆఫీసుకి ప్రహరీ గోడ కట్టాలని కొంత పెట్టుకోనుండారు. దాన్ని ఇటు తిప్పినారు."

"ఆ శుక్రవారం ఆ గోడ లేదా?"

పేరమ్మ జయశీల వైపు తిరిగింది. 

"జయశీలమ్మా, కాయితంలో ఎందుకిచ్చినామని రాసినారు? ఇంకోసారి చదువు తల్లీ."

జయశీల సందేహించి, నెమ్మదిగా చదివింది. "తూములదిన్నె గ్రామస్థుల విజ్ఞప్తి మేరకు."

గోల ఆగిపోయింది. కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు.

"మా పిల్లకాయలు చదువుకోవాలంటే దొరకని డబ్బు, వాళ్ల పిల్లోళ్ల పక్కన కూచోకూడదనంటే దొరికింది" అంది పేరమ్మ. గొంతు పెంచలేదు. "వాళ్లు గోడ మానుకోలేదు సామీ. కట్టే తావు మార్చినారు, అంతే."

"పోనీలే పేరమ్మక్కా" అన్నాడు మాల్యాద్రి. "ఎట్టొస్తేనేం, బడి వచ్చింది. పట్టుకుందాం."

"పట్టుకో మాల్యాద్రీ. నేను వద్దన్నానా? చిన్న పిల్లకాయలకి ఇంటి ముందర బడి ఉండాల. ఉండనీ."

మర్నాడు పొద్దున వల దగ్గర పేరమ్మ కొండమ్మని తాడు పట్టనియ్యలేదు. చీకటితోనే లేపి, నెత్తిన నీళ్లు పోసి, కుంకుడుకాయతో రుద్దింది. రెండు జడలు వేసింది. అమ్మే బుట్ట తన నెత్తికెత్తుకోని, కొండమ్మ చెయ్యి పట్టుకోని రేవుకి నడిచింది. పడవలో వాళ్లిద్దరే. పడవవాడు ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి గెడ వేసినాడు.

తూములదిన్నె బడి వరండా కడిగి ఉండాది. దూలానికి దొన్నెలు లేవు. లోపల గదులు నిండుగా ఉండాయి. ఊరి పిల్లలు తిరిగొచ్చేసినారు. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచినాడు.

"మీ బడి మీకిచ్చేసినారు గదా. ఇంకా ఎందుకొచ్చినారు?"

"ఇది మూడులో ఉండాది, మా బడి మూడో తరగతితో అయిపోతుంది సారూ. మీ దగ్గర ఐదు దాకా ఉండాది. రేపు ఆరు కూడా వస్తుందంట గదా."

"నాలుగో తరగతి అయితే ఎండాకాలం సెలవులయినాక చూద్దాం."

"అప్పుడొస్తే చోటు లేదంటారు. ఇప్పుడుంది గదా. మా పిల్లకాయలందరికీ చోటుందని సర్పంచి గారు మీటింగులో చెప్పినారు. నేను గుమ్మంలో నిలబడి విన్నా. ఇది ఒక్కతే."

హెడ్మాస్టరు ఇటూ అటూ చూసినాడు. వెనక బల్లల్లో పిల్లలందరూ చూస్తా ఉన్నారు. సర్పంచి గారి పిల్లోడు కూడా. "పేరు కొట్టేసినాను" అన్నాడు చివరికి.

"మళ్లా రాయండి సారూ."

ఆయన కుర్చీలో కూచున్నాడు. హాజరు పిలవడం మొదలుపెట్టినాడు. ఒక్కో పేరూ పిలుస్తుంటే ఒక్కో పిల్ల లేచి కూచుంటా ఉండాది. పేరమ్మ గుమ్మం మధ్యలో నిలబడింది. నెత్తి మీద బుట్ట నిండా కవళ్లు. పొద్దున ఎక్కినవి, ఇంకా నీళ్లు కారుతా ఉండాయి. ఒక చుక్క ఆమె చెంప మీదుగా జారి మెడలోకి పోయింది. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఆమె కదల్లేదు.

పేర్లు అయిపోయినాయి. హెడ్మాస్టరు తలెత్తినాడు. పేరమ్మ ఇంకా గుమ్మంలోనే ఉండాది.

"ఒక పేరు మిగిలింది సారూ."

బజారులో చేపల కోసం ఇల్లాళ్లు ఎదురు చూస్తా ఉంటారు. పొద్దెక్కితే కవళ్లు మెత్తబడతాయి. మెత్తబడితే ఎవరూ కొనరు. అది హెడ్మాస్టరుకీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆయన కలం మూత పెట్టి కిటికీ వంక చూసినాడు. ఆమె కాళ్లు ఎడం చేసి, తాడు లాగేటప్పుడు నిలబడినట్టు నిలబడింది. ఎండ గుమ్మంలోంచి మెల్లిగా లోపలికి జరిగింది. బుట్టలోంచి నీళ్లు కారడం ఆగిపోయింది. ఈగలు చేరినాయి.

ఆఖరికి ఆయన కలం మూత తీసినాడు. ఏదో రాసినాడు. తల ఎత్తకుండానే పిలిచినాడు.

"మాలకొండమ్మ."

"వచ్చినాను సార్" అంది కొండమ్మ. పోయి రెండో బల్లలో కూచుంది.